ధర్మకాటా తీగ వెనుకటి ఒడంబడిక

1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ విశాఖపట్టణపు నూతన రేవున ప్రవేశించిన నాటినుండి, 1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైన నాటివరకును, ఆపైన నేటివరకును, ఈ పురజీవనము తూకముపై ఆధారపడి యున్నది. మాంగనీసు ఖనిజమైనను, బొగ్గైనను, ఉక్కు కడ్డీలైనను, లారీ కెత్తిన సరకు ధర్మకాటా నెక్కనిదే లెక్కకు రాదు. కాటా క్రింది లోడ్‌సెల్లులు గ్రహించిన భారమును ఇండికేటరు అంకెలుగా మార్చి, సన్నని తీగ వెంట ఒక్కొక్క బిట్టుగా కంప్యూటరున కందించును. ఆ తీగకొక చరిత్ర గలదు.

ఫ్రాన్సు దేశపు తంతి ఉద్యోగి ఎమిల్ బోదో 1874లో పేటెంటు పొందిన పంచబిట్టుల సంకేతలిపి అనంతరకాలపు టెలిప్రింటర్లకు దారి చూపెను. వేగమునకు కొలమానమైన ‘బాడ్’ ఆతని నామధేయమే. టెలిప్రింటరు తీగ రెండు కొనలకును ఉమ్మడి గడియారము లేనందున, ప్రతి యక్షరమునకు ముందొక ఆరంభబిట్టును, వెనుక విరామబిట్టును చేర్చి, వేగమెంత, బిట్టులెన్ని, సరిబేసి పరీక్ష యున్నదా లేదా యనునది ఇరుపక్షములవారును ముందే ఒప్పుకొనవలసి వచ్చెను. 1960లో అమెరికాలో వెలువడిన ఆర్‌ఎస్-232 ప్రమాణము తీగకు నియమములు కల్పించినదే గాని, ఈ యొప్పందమును వారికే విడిచిపెట్టినది. కాటా 2400 వేగమున పలుకగా కంప్యూటరు 9600 వేగమున విన్నచో, బరువునకు మారుగా అర్థములేని గుర్తులు తెరపై మెరయును. లారీల వరుస వెనుక నిలిచిపోవును.

1996లో యూఎస్‌బీ వచ్చిన పిమ్మట ఆ తీగ తగిలించు పాత సీరియలు పోర్టు క్రమముగా కంప్యూటర్లనుండి తొలగినది, కాటాలు మాత్రము తొలగలేదు. యూఎస్‌బీలో సమాచారము పొట్లములుగా పయనించును గావున ఆ తీగకు బాడుతో ప్రసక్తి లేకున్నను, దాని సీరియలు నిబంధన ఆ యొప్పందమును ఏడు బైట్లలో భద్రపరచినది: వేగమునకు నాలుగు, విరామబిట్టుకు, సరిబేసికి, బిట్టుల సంఖ్యకు ఒక్కొక్కటి.

ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో వెలువరించిన క్యూఎము అను కంప్యూటరు అనుకరణయంత్రములో, యూఎస్‌బీని సీరియలు తీగకు కలుపు ఎఫ్‌టీడీఐ చిప్పును పోలిన ఒక సీరియలు పరికరము కేవలము ప్రోగ్రాముగా జీవించుచున్నది. ఆ చిప్పుకు మాత్రము పై నిబంధనలోవలె 9600 అని నేరుగా చెప్పరు. ముప్పది లక్షలను 312.5 చేత భాగింపుమని చెప్పుదురు. ఆ మిగులు భిన్నమునకు వేరొక సంకేతము: ఒకటైనచో అర, రెండైనచో పావు, మూడైనచో అరపావు. మన పాత తూకపు మాటలు ఇచ్చట ఎంత చక్కగా అమరినవి! అనుకరణయంత్రము ఈ భాగహారమును వెనుకకు విప్పి, అసలు వేగమును కనుగొని, ఆతిథేయ కంప్యూటరుకు తగిలించిన నిజమైన పోర్టునకు అందింపవలెను.

‘రూపములేని పరికరమునకు వేగమెందుకు?’ అని ఆ యమరికలను వినినట్లే విని విడుచుట తగదు. పాత తూకపు ప్రోగ్రామును అనుకరణయంత్రములో నడుపువారికి తీగ ఆవలి కొనయందు నిజమైన కాటాయే యుండును, దానిపై ఒకరి కిరాయి, ఒకరి కూలి నిలిచి యుండును. ఇట్టి పరికరములను రచించు మన యువ ఇంజనీర్లు ఆ ఏడు బైట్లను కడకొనవరకును చేర్పవలెనని నా మనవి.