గిన్నె అడుగున నెమలి

టేకులపల్లి, మే నెల మధ్యాహ్నం. ఇల్లందు బస్సు లేపిన దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. పెద్దమ్మ ఇంటి వసారాలో చాప మీద కూర్చున్నారు మీరు. ఎదుట పరిచిన పాత చీర మీద ఒక గాజు గిన్నె.

"మా మామ బొగ్గు దొరల బంగళాల వంట చేసేటోడు. పొయ్యేటప్పుడు దొరసాని ఇచ్చిందంట. కిరిస్టల్ బిడ్డా, పైలం," అంటుంది పెద్దమ్మ.

తయారీదారు ముద్ర కోసం అప్పుడే తొందరపడకండి. ముందు గిన్నెను రెండు చేతులా ఎత్తి చూడండి. అంత బరువేం లేదు. అంచు మీద గోటితో మీటండి. టక్కుమని అక్కడే ఆగిపోయింది. సీసం కలిసిన గాజైతే గుడిగంటలా కాసేపు మోగుతుంది. ఆ రకం గాజును 1670లలో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ చేశాడు. తన పేరులో ఉన్న బొంతకాకి తలనే ముద్రగా వేసుకున్నాడు.

ఇప్పుడు పువ్వుల గీతల మీద వేలు పోనివ్వండి. సాన మీద కోసిన గీత అంచు చర్మానికి గుచ్చుకుంటుంది. ఇది నున్నగా జారిపోతోంది. గిన్నె పక్కన పైనుంచి కిందికి గోరు జారిస్తే, వెంట్రుక మందాన ఒక గీత తగిలింది. అది అచ్చు రెండు పలకలు కలిసిన అతుకు. అంటే అచ్చులో ఒత్తిన గాజు, కోసిన క్రిస్టల్ కాదు. ఆ మాట పెద్దమ్మతో ఎలా చెప్పాలా అని మీ మనసు పీకుతుంది.

ముద్రలన్నీ ఒకలా ఉండవు. ఫ్రాన్సు క్రిస్టల్ కంపెనీ బకరా వాళ్లు 1936లో యాసిడ్‌తో పొగమంచు లాంటి ముద్ర వేయడం మొదలుపెట్టారు. అలాంటిదాని మీద నోటి ఆవిరి ఊది, ఏటవాలుగా టార్చి కొడితే తేలుతుంది. అచ్చు గాజు ముద్ర మాత్రం ఉబ్బెత్తుగా ఉంటుంది, చూపుకంటే వేలికే ముందు దొరుకుతుంది.

దొరికింది. గిన్నె లోపలి అడుగున, కందిగింజంత. దాని మీద పల్చటి కాగితం వేసి పెన్సిలు మొనను పడుకోబెట్టి మెల్లగా రుద్దుతున్నారు. నల్లటి మరకలో ఏదో లేస్తోంది. పువ్వా? కిరీటమా? పెద్దమ్మ వంగి చూసి వెంటనే అంది: "నెమలి తల గదా."

నిజమే. ముక్కు, మెడ, నెత్తిన తురాయి. అది గేట్స్‌హెడ్‌లోని సోవర్బీ గాజు కార్ఖానా ముద్ర, 1876లో నమోదైంది. అడవి నెమళ్లను రోజూ చూసే కళ్లకు పుస్తకం అక్కరలేకపోయింది.

పక్కనే ఆర్‌డి అనే అక్షరాలు, ఆరంకెల నంబరు. మొదటి రెండు అంకెలు 12, మిగతావి అరిగిపోయాయి. బ్రిటన్‌లో నమోదైన డిజైన్లకు ఈ వరస నంబర్లు 1884లో మొదలై, 1889 జనవరికి 1,16,648కి చేరాయి. కాబట్టి ఈ పువ్వుల అచ్చు 1889లో నమోదైంది. గిన్నెను అదే ఏడు పోశారని అర్థం కాదు. నచ్చిన అచ్చును ఏళ్ల తరబడి వాడేవాళ్లు.

ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది కూడా 1889లోనే. టైన్ నది ఒడ్డున గేట్స్‌హెడ్‌లో గాజు కొలుములు మండింది అక్కడి గనుల బొగ్గుతో. ఒక బొగ్గు ఊళ్లో పోసిన గిన్నె ఇంకో బొగ్గు ఊరి బంగళాకు చేరి ఉంటుంది. దొరసాని ఇచ్చిందన్న మాటకు ఈ ముద్ర సాక్ష్యం చెప్పదు. గిన్నె ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ఎవరి చేతులు మారిందో మాత్రం పెద్దమ్మ మాటే.

"కిరిస్టల్ కాదు పెద్దమ్మా. అచ్చు గాజు. కానీ నూరేళ్లు పైబడ్డ గిన్నె కావచ్చు."

ఆమె ఆ కాగితాన్ని మడిచి బొడ్డున దోపుకుంది. గిన్నెను కొంగుతో తుడిచి, పొద్దున అడవి నుంచి తెచ్చిన తునికిపండ్లు అందులో పోసి మీ ముందుకు జరిపింది.

"నెమలి కనపడేదాకా తినాలె."