తెర పగిలిన స్మార్టుఫోను నుండి సమాచారం వెలికితీయడం

తెర పగిలిన స్మార్టుఫోను నుండి సమాచారం వెలికితీయడం అనగా, తెర పగిలిపోయిన లేదా వేలితో తాకినా పలకని ఫోనులో నిలువ ఉన్న ఫోటోలు, ఫోను నంబర్లు, పత్రాలు మొదలైనవాటిని బయటి ఉపకరణాల సాయంతో మరొకచోటికి చేర్చుకోవడం. ఇందుకు ఎక్కువగా వాడేది యు.ఎస్.బి. ఓ.టి.జి. (ఆన్-ది-గో) ఎడాప్టరు. దీనితో ఫోనుకు మౌసు, కీబోర్డు, పెన్‌డ్రైవు వంటివి తగిలించవచ్చు. కొన్ని ఫోన్లకు టీవీని లేదా మానిటరును తగిలించే ఎడాప్టర్లు కూడా ఉన్నాయి.

తెర పగలగానే ఫోనులో ఉన్నదంతా పోయిందని చాలామంది అనుకుంటారు. కాని సమాచారం ఉండేది తెరలో కాదు, లోపలి ప్రధాన బోర్డు మీద ఉండే ఫ్లాష్ మెమరీ చిప్పులో. కిందపడి తెర పగిలిన ఫోన్లలో ఈ బోర్డు తరచుగా క్షేమంగానే ఉంటుంది. అప్పుడు అడ్డుపడేవి మూడు: బొమ్మ కనిపించకపోవడం, తాకినా పలకకపోవడం, ఫోనుకు వేసిన తాళం. మొదటి రెంటికీ ఎడాప్టర్లు దారి చూపగలవు. మూడవదానికి చూపలేవు.

తెర నిర్మాణం

పైకి ఒకే పలకలా కనిపించే తెరలో నిజానికి మూడు భాగాలున్నాయి. అన్నిటికన్నా పైన గాజు, దాని కింద స్పర్శను గుర్తించే పలుచని పొర (డిజిటైజరు), అడుగున బొమ్మను చూపే ఎల్.సి.డి. లేదా ఓలెడ్ ఫలకం. దెబ్బ వీటిలో దేనికి తగిలిందన్నదానిపై తరువాతి పని ఆధారపడుతుంది. బొమ్మ కనిపిస్తూ స్పర్శ మాత్రమే పోతే పని సులువు. బొమ్మ పోయి నల్లగా మారితే కష్టం.

ఓలెడ్ తెరల విషయంలో ఆలస్యం పనికిరాదు. పగులులోంచి గాలి, తేమ లోపలికి చేరితే బొమ్మను చూపే సేంద్రియ పదార్థం చెడిపోతుంది. మూలన మొదలైన నల్లమచ్చ రోజులు గడిచేకొద్దీ తెరంతా పాకవచ్చు. మరో చిక్కు కూడా ఉంది. దెబ్బతిన్న డిజిటైజరు ఎవరూ తాకకుండానే తాకినట్లు సంకేతాలు పంపవచ్చు. ఆ దొంగ స్పర్శలే తాళం సంఖ్యను పదేపదే తప్పుగా నొక్కి, ఫోను కొంతసేపు తెరుచుకోకుండా చేస్తాయి. అటువంటప్పుడు ఫోనును పక్కన పెట్టి, ఆ వ్యవధి గడిచాక మౌసుతో ప్రయత్నించాలి.

ఓ.టి.జి. పనిచేసే విధానం

యు.ఎస్.బి. అనుసంధానంలో ఒకవైపు యజమాని, మరోవైపు అనుచరుడు ఉంటారు. కంప్యూటరుకు తగిలించినప్పుడు ఫోను అనుచరుడే. ఫోను తానే యజమానిగా మారి మౌసు వంటివాటిని నడిపించే వీలు కల్పించడానికి 2001లో ఓ.టి.జి. ప్రమాణం వెలువడింది. మైక్రో యు.ఎస్.బి. ప్లగ్గులో ఉండే అయిదు పిన్నులలో ఒకటి గుర్తింపు పిన్ను. ఓ.టి.జి. ఎడాప్టరులో ఈ పిన్నును భూమి తీగకు కలిపి ఉంచుతారు. అది చూసి ఫోను తన పాత్ర మార్చుకుంటుంది. మామూలు ఛార్జింగు కేబులులో ఈ కలయిక ఉండదు కాబట్టి, ప్లగ్గు సరిపోయినా దానితో మౌసు పనిచేయదు. 2014లో వచ్చిన టైప్-సి ప్లగ్గులో ఇదే పనిని వేరే పిన్నులు (సి.సి. పిన్నులు) నెరవేరుస్తాయి.

ఆండ్రాయిడ్ వ్యవస్థ 2011లో వచ్చిన 3.1 సంచికతో ఈ సౌకర్యాన్ని అందుకుంది. అయినా తయారీదారు హార్డువేరులో వీలు కల్పించని ఫోన్లలో ఇది పనిచేయదు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఓ.టి.జి.ని ముందుగా సెట్టింగులలో అనుమతించాలి. తెర పనిచేయని సమయంలో ఆ అనుమతి ఇవ్వడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు లేదు!

మౌసుతో తెరవడం

మౌసు తగిలించగానే తెరమీద బాణం గుర్తు కనిపిస్తుంది. ఎడమ బొత్తాము నొక్కితే వేలితో తాకినట్లు, నొక్కిపట్టి జరిపితే వేలితో గీసినట్లు. తాళం తెరను పైకి జరపడం, చుక్కలను కలిపే గీతను గీయడం ఈ విధంగానే చేయాలి. కుడి బొత్తాము చాలా ఫోన్లలో "వెనుకకు" వెళ్ళడానికి పనికివస్తుంది. చిన్న గ్రాహకం (డాంగిల్) తో వచ్చే తీగలేని మౌసు కూడా పనిచేస్తుంది. బ్లూటూత్ మౌసు మాత్రం మునుపే జతచేసి ఉంటే తప్ప ఉపయోగపడదు, ఎందుకంటే జతచేయడానికి తెరను తాకవలసి ఉంటుంది.

మౌసుకు విద్యుత్తు ఫోను బ్యాటరీ నుండే వెళ్తుంది. సాధారణ ఓ.టి.జి. ఎడాప్టరు తగిలించి ఉన్నంతసేపు ఛార్జింగు జరగదు కాబట్టి, ముందే పూర్తిగా ఛార్జి చేసుకోవాలి. టైప్-సి ఫోన్లకైతే ఛార్జింగును కూడా అందించే హబ్బులు దొరుకుతాయి.

ఒకే సాకెట్టు చిక్కు

ఫోను తెరుచుకున్నాక ఫైళ్ళను బయటికి పంపే దశలోనే చాలామంది ఆగిపోతారు. మౌసు తగిలించిన సాకెట్టుకే కంప్యూటరును కూడా తగిలించాలి, ఫోనుకు ఉన్నదేమో ఒకటే. పైగా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి, కంప్యూటరుకు కలిపిన ఫోను మొదట ఛార్జింగు మాత్రమే తీసుకుంటుంది. "ఫైళ్ళ బదిలీ" ఎంచుకుంటేనే ఫోటోలు కంప్యూటరులో కనిపిస్తాయి. ఆ ఎంపిక కంప్యూటరుకు కలిపిన తరువాతే వస్తుంది, అప్పటికి మౌసు ఊడదీసి ఉంటుంది.

అన్నిటికన్నా సులువైన ఉపాయం కంప్యూటరును వదిలివేయడమే. చిన్న యు.ఎస్.బి. హబ్బుకు మౌసును, పెన్‌డ్రైవును రెంటినీ తగిలించి, ఫోనులోని ఫైళ్ళ అప్లికేషనుతో నకలు చేసుకోవచ్చు. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలు (ఉదాహరణకు పెళ్ళి వీడియో) అందులో పట్టదు. హబ్బు లేనివారు మౌసుతోనే వై-ఫైకి కలిపి ఇంటర్నెట్టు నిలువలోకి పంపవచ్చు. కంప్యూటరే కావాలనుకుంటే, డెవలపర్ ఐచ్ఛికాలలో యు.ఎస్.బి. అప్రమేయ అమరికను "ఫైళ్ళ బదిలీ"గా మార్చే వీలు కొత్త సంచికలలో ఉంది. తాళాన్ని తాత్కాలికంగా తీసివేస్తే ఈ దారి మరింత సుగమం. అయితే ఆ ఫోనును అప్పుడు ఇతరుల చేతికి ఇవ్వరాదు.

బొమ్మ కనిపించని ఫోన్లు

తెర పూర్తిగా నల్లబడితే బొమ్మను బయటికి తేవాలి. 2010లో వచ్చిన ఎమ్.హెచ్.ఎల్., 2012 నాటి నెక్సస్ 4 ఫోనులో కనిపించిన స్లిమ్‌పోర్టు ఈ పనిని మైక్రో యు.ఎస్.బి. ద్వారానే చేసేవి. టైప్-సి ఫోన్లలో డిస్‌ప్లేపోర్టు ప్రత్యామ్నాయ విధానం వాటి స్థానాన్ని ఆక్రమించింది. 2017లో గెలాక్సీ ఎస్8తో మొదలైన సామ్‌సంగ్ డెక్స్ కూడా ఈ కోవలోనిదే.

ఇక్కడ కొనుగోలుదారులు తరచు పొరబడుతుంటారు. సాకెట్టు టైప్-సి ఆకారంలో ఉన్నంతమాత్రాన బొమ్మ బయటికి రాదు. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువభాగం యు.ఎస్.బి. 2.0 తీగలనే ఆ సాకెట్టుకు కలిపి వదిలేస్తాయి. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు సైతం ఈ సౌకర్యం 2024లో పిక్సెల్ 8 వరుసతోనే లభించింది. కాబట్టి హెచ్.డి.ఎమ్.ఐ. ఎడాప్టరు కొనేముందు ఆ నమూనా వివరాలు చూసుకోవడం అవసరం.

తాళము, ఎన్‌క్రిప్షను

ఫోనులోని సమాచారం ఎన్‌క్రిప్షను ద్వారా రహస్య సంకేతాలలోకి మార్చబడి ఉంటుంది. 2019లోని ఆండ్రాయిడ్ 10 నుండి కొత్తగా విడుదలయ్యే ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. దాన్ని విప్పే తాళపుచెవి ఫోను హార్డువేరుతోను, వాడుకరి పెట్టిన సంఖ్యతోను ముడిపడి ఉంటుంది. అందువలన మెమరీ చిప్పును ఊడదీసి మరొకచోట చదివే పాత పద్ధతికి కాలం చెల్లింది. ఫోనును ఆపి మళ్ళీ వెలిగిస్తే వేలిముద్ర కూడా చాలదు, సంఖ్యనో గీతనో తప్పక ఇవ్వాలి. వేలిముద్రతోనే నెట్టుకొస్తూ సంఖ్యను మరచిపోయినవారు, తెర పగిలిన ఫోనును ఆపివేయకుండా ఉంచుకోవడం శ్రేయస్కరం.

కంప్యూటరు నుండి ఫోనును నడిపించే ఏ.డి.బి. అనే పనిముట్టు, దానిపై ఆధారపడి 2018లో వచ్చిన ఎస్‌సి‌ఆర్‌సిపివై అనే ఉచిత సాఫ్టువేరు చాలా ఉపయోగకరమైనవి. అయితే యు.ఎస్.బి. డీబగ్గింగు ముందే అనుమతించి ఉండాలి. 2013లోని ఆండ్రాయిడ్ 4.2.2 నుండి ప్రతి కొత్త కంప్యూటరుకు ఫోను తెరపై విడిగా అంగీకారం తెలపాలి.

ఐఫోన్లు

ఐఫోన్లలో మౌసు సౌకర్యం 2019లోని ఐ.ఓ.ఎస్. 13తో వచ్చింది, అదీ సెట్టింగులలో అసిస్టివ్‌టచ్‌ను ప్రారంభిస్తేనే. 2018లోని 11.4.1 సంచిక నుండి, తాళం పడి గంట దాటిన ఐఫోను బయటి ఉపకరణాలను అంగీకరించడం మానివేసింది. ఈ కారణాల వల్ల ఆండ్రాయిడ్‌కు చెప్పిన మార్గాలు వీటికి పూర్తిగా వర్తించవు. 2023లోని ఐఫోను 15 నుండి మాత్రం టైప్-సి ద్వారా బొమ్మను మానిటరుకు పంపవచ్చు.

తెర మార్పిడి

పై ప్రయత్నాలేవీ ఫలించనప్పుడు కొత్త తెర వేయించడమే మిగిలిన మార్గం. మరమ్మతు చేసేవారికి ఫోను ఇచ్చేముందు, సమాచారాన్ని చెరిపివేయవద్దని స్పష్టంగా చెప్పాలి. కొన్నిచోట్ల ఫోనును మొదటి స్థితికి తెచ్చాకనే పని మొదలుపెడతారు. ఈలోగా సిమ్ కార్డును తీసి మరొక ఫోనులో వేసుకుంటే బ్యాంకుల నుండి వచ్చే ఓ.టి.పి. సందేశాలు ఆగిపోకుండా ఉంటాయి. మెమరీ కార్డును కూడా తీసి చదువుకోవచ్చు, కాని ఫోను అంతర్గత నిలువలో భాగంగా మార్చిన కార్డు వేరే పరికరంలో తెరుచుకోదు.