సంతకం ఎవరు పెడతారు?

"తుంటి విరిగింది. ఆపరేషన్ చెయ్యాలి. సంతకం ఎవరు పెడతారండి?"

రాజమహేంద్రవరంలోని ఒక ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఈ మాట అడిగేసరికి రాత్రి తొమ్మిదయింది. మంచం మీద 81 ఏళ్ల పంతులమ్మగారు. కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. పొద్దున పెరట్లో నూతి దగ్గర నాచు మీద కాలు జారింది. కుడికాలు రెండో కాలికన్నా పొట్టిగా కనిపిస్తోంది, పాదం పక్కకి వాలిపోయింది. కోడలు తలగడను అటూ ఇటూ జరుపుతూ, కాలు ఎలా ఉంటే మూలుగు తగ్గుతుందో చూస్తోంది.

ఈ ఇంటివాళ్లు నాకు తెలిసినవాళ్లు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

పెద్దకొడుకు ఊళ్లోనే ఉండి కొబ్బరితోట చూసుకుంటాడు. కూతురు మియాపూర్‌లో ఉంటుంది. చిన్నకొడుకుది డాలస్. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఫోన్లో ఉన్నారు.

"అన్నయ్యా, అక్కడొద్దు. హైదరాబాద్ తీసుకుపో. డబ్బు సంగతి నేను చూసుకుంటా."

"మా ఇంటి పక్కనే పెద్దాసుపత్రి ఉందిరా. తీసుకొచ్చెయ్యండి, నేను చూసుకుంటాను కదా" అంది కూతురు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఆమెకి ఆఫీసు బస్సు.

పెద్దకొడుకు భయం వేరు. "అసలే గుండె వీకంటున్నారు. మత్తు తట్టుకోకపోతే? ఏ పుత్తూరు కట్టో కట్టించి ఇంటికి తీసుకుపోదాం."

ముగ్గురి మాటల్లోకీ ప్రమాదకరమైంది ఈ చివరిదే. మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేదీ ఇదే. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లు వారాల తరబడి మంచం మీదే ఉండిపోతే ఊపిరితిత్తులకి నిమ్ము చేస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపున పుళ్లు పడతాయి. అందుకే ఒంటి పరిస్థితి అనుకూలిస్తే 48 గంటల్లోపే ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలని డాక్టర్ల తాపత్రయం.

పన్నెండు దాటినా ఫోన్లు తెగలేదు. డాక్టరు మళ్లీ వచ్చాడు.

"అందరూ మాట్లాడుకున్నారు, బాగానే ఉంది. అమ్మగారిని అడిగారా?"

ఎవరూ అడగలేదు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరమైతే తప్ప, సొంతంగా నిర్ణయం తీసుకోగల మనిషి బదులు ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఆ కేసులో రోగి మత్తులో ఉండగా ఒప్పుకున్నది ఎవరో కాదు, ఆమె కన్నతల్లి. అయినా చెల్లలేదు. మన దగ్గర మాత్రం తల నెరిస్తే చాలు, సంతకం కొడుకుదే.

"మీ గోలకి నిద్రెక్కడ పట్టింది నాకు?" అన్నారు పంతులమ్మగారు కళ్లు తెరవకుండానే. "రాత్రంతా అంబులెన్సులో ఆ కుదుపులు నేను పడలేను. ఇక్కడే చెయ్యండి." తర్వాత కళ్లజోడు పెట్టించుకుని, అంగీకారపత్రం మొదటి నుంచి చివరిదాకా చదివి, అందులో ఒక అచ్చుతప్పు చూపించి మరీ సంతకం పెట్టారు.

సగం కీలు మార్చారు. రెండో రాత్రి ఆవిడ లేచి కూర్చోబోయి హాజరుపట్టీ అడిగారు. కోడల్ని "ఇంటిపని ఏదీ?" అని గద్దించారు. అది ఫోన్లో చూసిన చిన్నకొడుకు, మత్తు ఎక్కువిచ్చి అమ్మని పాడుచేశారని డాక్టర్ల మీద విరుచుకుపడ్డాడు. పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇలా మతి తారుమారవుతుంది. సాయంత్రమైతే ఎక్కువవుతుంది. సాధారణంగా కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. తెలిసిన మొహం పక్కనుండటం, కళ్లజోడు చేతికివ్వడం, పగలు వెలుతురు తగలనివ్వడం ఇలాంటప్పుడు చాలా పనిచేస్తాయి. కోడలికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. "రేపు తెస్తానండి టీచర్" అని కళ్లజోడు తుడిచి ఇచ్చింది. ఆవిడ పడుకున్నారు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు పని. నేలమీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లోదేమో కింద కూర్చునే మరుగుదొడ్డి. చిన్నకొడుకు డబ్బు పంపాడు, కొత్తది కట్టడానికి నెల పట్టింది. అందాకా మంచం పక్కన కమోడ్ కుర్చీ, కింద బక్కెట్టు. రాత్రిళ్లు రెండు మూడుసార్లు ఆ బక్కెట్టు పారబోసి కడిగేది కోడలే. అత్తగారి నడుముకి తువ్వాలు చుట్టి, వెనకనుంచి దాన్ని గట్టిగా పట్టుకుని, వాకర్‌తో వసారా చివరిదాకా నడిపించేదీ ఆమే. ఆమెకి 56. మోకాళ్ల నొప్పులు. రామచంద్రపురంలో ఆమెకీ ఒక అమ్మ ఉంది. ఫోన్లో రోజూ వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే: "వదినా, అమ్మ మాత్రలు వేసుకుందా?"

సంక్రాంతికి అందరూ వచ్చారు. కనుమ నాడు భోజనాలయ్యాక కూతురే కదిపింది. నాలుగేసి నెలల చొప్పున వంతులేసుకుందామని. డాలస్ వంతుకి డబ్బు. పిల్లలకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. పెద్దవాళ్లకి మాత్రం నాలుగు నెలలకోసారి చీకట్లో కొత్త స్విచ్చి వెతుక్కోవడమే.

"వంతులు కాలవ నీళ్లకేసుకోండి. నాకొద్దు" అన్నారు పంతులమ్మగారు. అని, తలగడ కిందనుంచి ఒక కాగితం తీశారు.

కోలుకునే ఆశ లేని స్థితి వస్తే వెంటిలేటర్లు, గొట్టాలు వద్దని ముందే రాసుకునే పత్రం అది. దానికి 2018లో సుప్రీంకోర్టు గుర్తింపునిచ్చింది. కానీ మెజిస్ట్రేటు సంతకం కావాలనడంతో చాలామంది ఆ జోలికే పోలేదు. 2023 జనవరిలో ఆ మెలిక తీసేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ఉంటే చాలు. "ముప్పై ఏళ్లు పిల్లల్ని గెజిటెడ్ సంతకాల కోసం తిప్పాను. నాకొకటి దొరక్కపోతుందా?" అన్నారావిడ.

చిన్నకొడుకు మొహం మాడ్చుకున్నాడు. "అంటే, రేపు జ్వరమొచ్చినా ఈ కాగితం చూపించి వదిలేస్తారా?" అలా కుదరదు. ఒక్కొక్క దాంట్లో ముగ్గురేసి డాక్టర్లతో రెండు బోర్డులు పరీక్షించి సరేనంటేనే ఆ కాగితం అమల్లోకి వస్తుంది. అది విని కాస్త తగ్గాడు. అయితే, తను మాట్లాడలేనప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో పేరు రాయాల్సిన చోట పెద్దకోడలి పేరుంది.

"కన్నబిడ్డలం ముగ్గురం ఉండగా వదిన పేరేంటమ్మా?"

"ఆ రాత్రి మీరు ముగ్గురూ నా గురించి మాట్లాడారు. తను నా కాలు పట్టుకుని కూర్చుంది."

పెద్దకొడుకు తల దించుకున్నాడు. గిన్నెలు సర్దుతున్న కోడలు మాత్రం మురిసిపోలేదు.

"నన్ను కూడా ఎవరూ అడగలేదు కదండీ, అత్తయ్యగారూ."

పంతులమ్మగారికి జవాబు తోచలేదు.

"మీరు రాసుకున్నారు, నేను కాదనను. కానీ మే నెలంతా మా అమ్మ దగ్గరుంటాను. ఆవిడకీ చూపు ఆనట్లేదు. ఆ నెల మీ అబ్బాయో అమ్మాయో ఇక్కడుండాలి. బక్కెట్టు పనితో సహా."

కూతురు ఫోన్లో సెలవుల లెక్క తీసింది. పదిహేను రోజులకి మించి లేవంది. మిగతా రోజుల సంగతి మీద అన్నదమ్ములు రాత్రి భోజనాల దాకా వాదించుకుంటూనే ఉన్నారు.