గోడలు, డేరాలు, గొలుసులు: మన దేశంలో పిచ్చాసుపత్రి కథ

పోయిన ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు, “ఎర్రగడ్డ అనగానే మనకి నవ్వెందుకొస్తుంది సార్?” అని. మంచి ప్రశ్న. హైదరాబాదులో ఎవరైనా తిక్కగా మాట్లాడితే “నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి” అంటాం. ఉత్తరాంధ్ర వాళ్లకి వైజాగ్ పిచ్చాసుపత్రి ఉంది. తమిళులు కీల్పాక్ అంటారు, హిందీ వాళ్లు ఆగ్రా అంటారు, రాంచీ అంటారు. గుండె ఆసుపత్రి పేరు పెట్టి ఎవరినీ తిట్టం కదా! ఈ ఒక్క ఆసుపత్రి పేరే తిట్టు ఎందుకయింది?

జనానికి తెలివి లేక, మూఢనమ్మకాల వల్ల అని సులువుగా చెప్పేస్తారు. నాకు ఆ జవాబు సగమే నిజం అనిపిస్తుంది. మిగతా సగం చట్టంలో ఉంది.

కంపెనీ పాలన ముగిసిన 1858 లోనే పిచ్చివాళ్ల ఆశ్రమాలకి ఒక చట్టం వచ్చింది. తర్వాత 1912 లో ఇండియన్ లూనసీ యాక్ట్. దాని ప్రకారం రోడ్డు మీద తిరిగే మతిస్థిమితం లేని మనిషిని పోలీసు పట్టుకోవచ్చు. మేజిస్ట్రేటు ముందు పెడతారు, ఆయన ఆర్డరు ఇస్తే లోపల వేస్తారు. పోలీసు, కోర్టు, ఎత్తైన గోడ, తాళం. ఊళ్లో జనం చూసేది ఇదే. దొంగని తీసుకెళ్లినట్టే రోగిని తీసుకెళుతుంటే, రోగం అంటే నేరం లాంటిదే అనుకోరా? 1920ల్లో “అసైలం” అనే బోర్డు తీసి “మెంటల్ హాస్పిటల్” అని పెట్టారు. బోర్డు మారింది, తాళం మారలేదు.

స్వాతంత్ర్యం ముందు, 1946 లో భోర్ కమిటీ ఆరోగ్య వ్యవస్థ మొత్తాన్నీ లెక్క చూసింది. దేశం మొత్తానికి మానసిక రోగులకి ఉన్నవి సుమారు పదివేల పడకలు. నలభై కోట్ల జనాభాకి! అంటే నలభై వేల మందికి ఒక్క మంచం.

ఇక్కడ అమృత్‌సర్ దగ్గర కాస్త ఆగుదాం. దేశ విభజనలో మనుషుల్నీ, ఆస్తుల్నీ పంచుకున్నట్టే పిచ్చాసుపత్రుల్లో రోగుల్ని కూడా పంచుకున్నారు. 1950 లో లాహోర్ ఆసుపత్రిలోని హిందూ, సిక్కు రోగుల్ని ఇటు పంపారు, ఇక్కడి ముస్లిం రోగుల్ని అటు పంపారు. మంటో రాసిన “టోబా టేక్ సింగ్” కథకి మూలం ఇదే. కథ చాలామందికి తెలుసు. ఆ వచ్చిన రోగులు దిగిన అమృత్‌సర్ ఆసుపత్రిలో తర్వాత ఏం జరిగిందో తక్కువ మందికి తెలుసు.

అక్కడ డాక్టర్ విద్యాసాగర్ అని సూపరింటెండెంట్ ఉండేవారు. వార్డులు కిక్కిరిసి ఉన్నాయి, సిబ్బంది చాలరు. ఆయన ఏం చేశారంటే, ఆసుపత్రి ఖాళీ స్థలంలో డేరాలు వేయించారు. రోగిని తెచ్చిన వాళ్లతో “మీరూ ఇక్కడే ఉండండి” అన్నారు. తల్లో, భర్తో, అన్నో డేరాలో రోగితో పాటే ఉంటారు. అన్నం వాళ్లే పెడతారు. డాక్టరు వాళ్లందరినీ కూర్చోబెట్టి ఈ జబ్బు ఏమిటి, ఎలా తగ్గుతుంది, ఇంటికెళ్లాక ఎలా చూసుకోవాలి అని వాళ్ల భాషలోనే చెప్పేవారు. పక్క డేరాలో ఒకరికి నయమవడం ఈ డేరా వాళ్లు కళ్లారా చూసేవారు. నేననేది, వెయ్యి ఉపన్యాసాలు చేయలేని పని అదొక్కటే చేస్తుంది. ఇంకో మాట. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో కొందరు పేరున్న వైద్యులు స్కిజోఫ్రీనియాకి తల్లి పెంపకమే కారణం అని రాస్తున్నారు. అక్కడ తల్లిని ముద్దాయిని చేస్తుంటే, ఇక్కడ ఆమెని నర్సుని చేశారు. 1957 లో వెల్లూరు సీఎంసీ వాళ్ల మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబాన్ని రోగితో పాటే ఉంచే పద్ధతిలో మొదలైంది.

మరి ఇది దేశమంతా ఎందుకు పాకలేదు? డబ్బు ఒక కారణం. చట్టం ఇంకో కారణం. 1912 నాటి లూనసీ యాక్ట్ స్థానంలో 1987 లో కొత్త చట్టం చేశారు, అది అమల్లోకి వచ్చేసరికి 1993. బ్రిటిష్ వాళ్లు వెళ్లాక కూడా నలభై ఆరేళ్లు వాళ్ల తాళమే వాడాం. నేరం చేయని మానసిక రోగుల్ని జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం అని సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో చెప్పింది కూడా ఆ 1993 లోనే.

ఈ లోగా కుటుంబాలు ఏం చేశాయి? మా అమ్మమ్మ గారి ఊళ్లో ఒకావిడ ఉండేది. కాన్పైన కొద్ది రోజులకే నిద్ర పోయింది, బిడ్డని దగ్గరికి తీసుకునేది కాదు, గోడతో మాట్లాడేది. గాలి సోకిందన్నారు. పెరటి గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ఎవరైనా అడిగితే పుట్టింటికెళ్లింది అని చెప్పేవారు. ఆ ఇంటివాళ్లు దుర్మార్గులు కాదు. ఆడపడుచు పెళ్లికుంది, అంతే. కాన్పు తర్వాత వచ్చే ఈ జబ్బుకి వైద్యం ఉంది, చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆ మాట చెప్పేవాళ్లు ఆ ఇంటికి రాలేదు.

ఇంట్లో దాచలేనివాళ్లు దర్గాలకీ, గుళ్లకీ తీసుకెళ్లేవారు. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఏర్వాడి అలాంటి చోటు. దర్గా చుట్టూ ప్రైవేటు హోములు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోములో పాకకి నిప్పంటుకుంది. లోపలున్న వాళ్లని గొలుసులతో కట్టేసి ఉంచారు. పరిగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. దర్గాని తిట్టడం తేలిక. కానీ చుట్టుపక్కల డాక్టరు ఉంటే అంతమంది అంత దూరం ఎందుకెళతారు? సుప్రీంకోర్టు ఆ వార్త చూసి తనంతట తానే కేసు చేపట్టింది.

2017 చట్టంలో గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా సరే నిషేధించారు. వైద్యం పొందడం హక్కు అన్నారు. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలన్నారు. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలి, శిక్షించకూడదు అన్నారు. అటు వివాహ చట్టంలో మాత్రం మానసిక జబ్బు విడాకులకి ఒక కారణంగా ఇప్పటికీ ఉంది. మా అమ్మమ్మ ఊరి ఇంటివాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు.

మందుల కథ ఇవాళ తీయలేదు, కావాలనే. మన సర్పగంధి వేరు మీద 1931 లో కలకత్తా వైద్యులు ఇద్దరు రాసిన వ్యాసం దగ్గర మొదలుపెట్టి, 1952 లో దాంట్లోంచి రిసర్పిన్ తీసిన స్విట్జర్లాండ్ కంపెనీ దాకా వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.