హోసూరు రోడ్డు మీద ఇంజను పని

అరిగిపోయిన ఇంజనును సొంతంగా విప్పుకోవాలా, షెడ్డుకు అప్పగించాలా అన్న ప్రశ్న దక్షిణాదిలో మోటారు బండి అంత పాతది. తొలి రోజుల్లో ఎంచుకునే వీలే తక్కువ. షెడ్లు అరుదు, పని తెలిసినవాళ్లు మరీ అరుదు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, ఒక ఆంగ్ల అధికారి మోటారు సైకిలు చూసి మనసు పడి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్నే కొన్నారు. విప్పారు, మళ్లీ బిగించారు, అలాగే యంత్రవిద్య నేర్చారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో ఆయన మొదలుపెట్టిన రవాణా వ్యాపారం తర్వాత యు.ఎం.ఎస్. సంస్థగా పెరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక లెక్క మారింది. దేశంలోనే తయారుచేయాలన్న విధానం వల్ల 1950ల నడుమ జనరల్ మోటార్స్, ఫోర్డ్ ఇక్కడి కార్ల బిగింపు మానుకున్నాయి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ మిగిలాయి. కొత్త కారు కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన ఆ కాలంలో ఉన్న ఇంజనునే మళ్లీ మళ్లీ బతికించడం తప్పనిసరైంది. మద్రాసులో 1949లో మొదలైన ఇండియా పిస్టన్స్, బెంగళూరు ఆడుగోడిలో డీజిలు పంపులు చేసిన మైకో వంటి సంస్థలతో విడిభాగాలు దేశంలోనే దొరకసాగాయి. మోడళ్లు తక్కువ, అవి మారడమూ తక్కువ. అందుకే ఒక ఇంజను నేర్చిన చెయ్యి ముప్పై ఏళ్లు పనికొచ్చింది.

ఇంజను ఎంతవరకు విప్పాలో తేల్చే పరీక్ష చాలా సులువైనది. బండి నీలం పొగ వదులుతూ, ఆయిలు తాగుతూ, ఎత్తు ఎక్కలేకపోతే సిలిండర్లలో కంప్రెషన్ కొలుస్తారు. తక్కువ వచ్చిన సిలిండరులో ప్లగ్గు రంధ్రం గుండా కొద్దిగా ఆయిలు పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే అరిగినవి రింగులో బోరో. పెరగకపోతే లోపం సాధారణంగా వాల్వుల్లో ఉంటుంది. వాల్వుల పనైతే ఇంజను దించక్కర్లేదు. హెడ్డు విప్పి, వాల్వులు పేస్టుతో రుద్ది, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను నడుమ నుంచి అంచులకు వరసగా బిగిస్తే చాలు. ఓపికా మంచి పానాలూ ఉన్న యజమాని ఇంటి ముందు చేసుకోగలిగిన పని ఇది.

బోరు అరిగితే మాత్రం ఇంటి పని అక్కడితో ఆగుతుంది. పై రింగు తిరుగాడే చోట వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. సిలిండరు అక్కడే ఎక్కువ అరిగి, గుండ్రదనం కోల్పోతుంది. దాన్ని యంత్రం మీద తొలిచి, హోనింగ్ చేసి, పెద్ద సైజు పిస్టన్ వెయ్యాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు అంగుళంలో వెయ్యింట పది వంతుల చొప్పున నలభై వంతుల వరకు ఓవర్‌సైజు పిస్టన్లు ఉండేవి. అవీ అయిపోతే కొత్త లైనరు దించి మళ్లీ మొదటి సైజుకు వచ్చేవారు. క్రాంకు గ్రైండింగ్ కూడా అంతే, యంత్రం ఉన్నవాడే చెయ్యాలి. కాబట్టి పూర్తిగా సొంతంగా ఇంజను కట్టుకోవడం ఎప్పుడూ సగం నిజమే.

అయినా ఇక్కడ నిలిచిన పద్ధతి ఈ రెండింటికీ మధ్యది. సామాను యజమాని కొంటాడు, కూలి మెకానిక్‌కు ఇస్తాడు, ఇంజను తెరిచిన రోజు పక్కనే కూర్చుంటాడు. కూలి తక్కువ కాబట్టి సొంతంగా చేసుకుంటే మిగిలేది కొంచెమే. అసలు భయం నకిలీ బేరింగులు, పాత రింగులు. బెంగళూరు జేసీ రోడ్డులో స్వయంగా సామాను తెచ్చుకోవడం ఆ భయానికి మందు. ఈ ఏర్పాటు యజమానికి తన బండి లోపల ఏముందో నేర్పింది. షెడ్డుకు తాళాలిచ్చి వెళ్లిపోయే అలవాటు ఆ చదువును చెరిపేసింది. ఇది నిజమైన నష్టం.

బెంగళూరు నుంచి హోసూరు వెళ్లే దారిలో, కర్ణాటక చివర ఉన్న అత్తిబెలె ఈ పనికి అనువైన చోటు. లారీలు ఆగే సరిహద్దు చెక్‌పోస్టు, తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపించే ఊరు, చుట్టూ పారిశ్రామికవాడలు. 1980లో హోసూరులో అశోక్ లేలాండ్ కర్మాగారం వచ్చింది. అదే కాలంలో టీవీఎస్ మోపెడ్లూ అక్కడ మొదలయ్యాయి. పెద్ద కర్మాగారాల చుట్టూ లేత్ పని, గ్రైండింగ్ పని చేసే చిన్న యూనిట్లు పెరుగుతాయి. డీజిలు బండి విషయంలో మాత్రం ఎంత నేర్పరి అయినా పంపునూ నాజిళ్లనూ టెస్టు బెంచీ ఉన్నవారికే పంపాలి; కొలత తప్పితే కొత్త పిస్టన్లూ కాలిపోతాయి.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో అల్యూమినియం హెడ్డూ టైమింగ్ బెల్టూ ఉండేవి. వేడెక్కితే హెడ్డు వంకరపోతుంది, సరిచేయడానికి మళ్లీ యంత్రమే కావాలి. ఆపైన ఇంధన ఇంజెక్షన్, సెన్సర్లు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు లోపం ఎక్కడుందో చెప్పేది స్కానరు. కొత్త కారు వారంటీలో ఉండగా బయట ఇంజను విప్పితే ఆ హక్కు చిక్కుల్లో పడుతుంది.

పాత బండికైనా గుజరీలో, అంటే పాత సామాను బజారులో, హెడ్డు లేని సగం ఇంజను కొని వేసుకునేవారు ఒక సంగతి చూసుకోవాలి. ఇంజను నంబరు బ్లాకు మీదే ఉంటుంది, ఆర్సీలోనూ ఉంటుంది. బ్లాకు మారితే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ మార్పును ఆర్టీవో కార్యాలయంలో నమోదు చేయించాలి, కొన్న ఇంజనుకు బిల్లు చూపాలి. బోరు చేయించి పాత బ్లాకునే ఉంచుకుంటే ఈ పని ఉండదు. అంబాసిడర్లు, ఫియట్లు ఉంచుకున్నవారు నేటికీ లైనరు దించే మార్గాన్నే ఎక్కువగా ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.