మాల్టా గాయకుల విదేశీ ప్రస్థానం

మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్టా విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 5 లక్షల 19 వేల పైచిలుకు జనం. ఇంత చిన్న దేశంలో పాటనే నమ్ముకుని బతకాలనుకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు ఓడో విమానమో ఎక్కక తప్పలేదు. అయితే వాళ్ల ప్రతిభ అంతా పరాయి గడ్డ మీదే వికసించిందనుకోవడం పొరపాటు. పునాది పడింది సొంత ఊళ్లోనే.

రాజధాని వలెట్టాలో 1731లో కట్టిన మనోయెల్ నాటకశాల ఈనాటికీ నడుస్తోంది. బ్రిటిష్ పాలనలో 1866లో అక్కడే రాయల్ ఒపెరా హౌస్ తెరుచుకుంది. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపెరా భవనాన్ని రూపొందించిన ఎడ్వర్డ్ మిడిల్టన్ బారీయే దీనికీ రూపకర్త. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 7న జరిగిన బాంబు దాడిలో అది కూలిపోయింది. దశాబ్దాల తరబడి శిథిలంగానే మిగిలింది. యుద్ధం ముగిసేనాటికి ఒపెరా మీద మక్కువ పెంచుకున్న కుర్రాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లు పాడాల్సిన పెద్ద వేదిక మాత్రం లేదు.

ఆ తరంవాడే ఒరెస్తె కిర్‌కోప్. 1923లో హమ్రూన్‌లో పుట్టిన ఈ టెనర్ (హెచ్చు స్థాయి పురుష గొంతు) గాయకుడు ఇంగ్లండ్ చేరి శాడ్లర్స్ వెల్స్ నాటకశాలలోను, కోవెంట్ గార్డెన్‌లోను పాడాడు. ఆ గొంతు, ఆ రూపం చూసి పారమౌంట్ సినిమా సంస్థ హాలీవుడ్‌కు పిలిచింది. 1956లో విడుదలైన ‘ది వాగబాండ్ కింగ్’ చిత్రంలో క్యాథ్రిన్ గ్రేసన్ సరసన ఆయనే కథానాయకుడు. తెరమీద మాత్రం ఇంటిపేరు తీసేసి ‘ఒరెస్తె’ అని వేశారు. సినిమా ఆడలేదు. తర్వాత ఆయన స్వదేశానికి తిరిగివచ్చి 1998లో కన్నుమూశాడు.

కిర్‌కోప్ సమకాలికుడైన టెనర్ పాల్ ఆషియాక్‌కు అంత పేరు రాలేదు. 1952లో కోవెంట్ గార్డెన్‌లో మరియా కల్లాస్ పాడిన సుప్రసిద్ధ ‘నోర్మా’ ప్రదర్శనలో ఆయనది ఫ్లావియో అనే చిన్న పాత్ర. కానీ మాల్టా సంగీత చరిత్రలో ఆయన స్థానం చాలా పెద్దది. 1978లో అట్టార్డ్‌లో పుట్టిన జోసెఫ్ కలేయా అనే కుర్రవాడు పదమూడేళ్ల వయసులో మారియో లాంజా నటించిన ‘ది గ్రేట్ కరూసో’ చూసి పాటల పిచ్చిలో పడ్డాడు. ఆ కుర్రవాడి గొంతుకు సానపట్టినది ఆషియాకే. తనకు అందని ఎత్తును శిష్యుడు అందుకోవడం ఆ గురువు కళ్లారా చూశాడు. 2015 దాకా జీవించాడు.

కలేయా తొలి అడుగు వేసిన చోటు గురించి కాస్త చెప్పుకోవాలి. మాల్టాకు పక్కనే ఉన్న గోజో దీవి జనాభా నలభై వేలకు లోపే. దాని ముఖ్య పట్టణం విక్టోరియాలో ఒకే వీధిలో అస్త్రా, అరోరా అనే రెండు ఒపెరా శాలలున్నాయి. రెండూ రెండు బ్యాండు సంఘాలవి. ఒకటి సెయింట్ జార్జ్ చర్చి పక్షం, రెండోది కెథడ్రల్ పక్షం. చర్చి ఉత్సవాల్లో మేళాలతో పోటీపడే ఈ సంఘాలు ఏటా అక్టోబరులో చెరొక ఒపెరా కట్టి మరీ పోటీపడతాయి. బృందగానంలో నిలబడేది ఎక్కువగా ఊరివాళ్లే. 1997లో అస్త్రా శాలలో వెర్డి ‘మ్యాక్బెత్’ ప్రదర్శించినప్పుడు పంతొమ్మిదేళ్ల కలేయాకు మ్యాక్డఫ్ పాత్ర దక్కింది. ఆ పాత్రకు చెప్పుకోదగ్గ పాట ఒక్కటే ఉంది: హతులైన భార్యాబిడ్డలను తలచుకుని కుమిలిపోయే పాట. కొత్త గొంతును పరీక్షించడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. ఆ పాట నిలబెట్టడానికి గుండె బరువు కావాలి, ఊపిరి మీద అదుపూ కావాలి.

ఆ తర్వాత ఎదుగుదల వేగంగా సాగింది. 1998లో మిలాన్‌లో కరూసో పోటీ గెలిచి, మరుసటి ఏడు ప్లాసిడో డొమింగో స్థాపించిన ఒపెరాలియా పోటీలో బహుమతి అందుకున్నాడు. వెర్డి ‘రిగొలెత్తో’లోని డ్యూక్ పాత్రతోనే 2002లో కోవెంట్ గార్డెన్‌లోను, 2006లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లోను అడుగుపెట్టాడు. 2012లో గ్రామఫోన్ పత్రిక ఆయన్ను ఆ ఏటి మేటి కళాకారుడిగా ఎంచింది. ఆయన గొంతులోని సన్నని, వడిగల కంపనం పాత గ్రామఫోన్ రికార్డుల నాటి టెనర్లను గుర్తుకు తెస్తుందని విమర్శకులు పదేపదే రాశారు.

ఒపెరా అందరికీ పట్టుబడే దారి కాదు. జనప్రియ సంగీతంవారికి ఏటా దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీ ద్వారం తెరిచింది. మాల్టా 1971, 1972లలో మాల్టీస్ పాటలే పంపి రెండుసార్లూ చిట్టచివరి స్థానంలో నిలిచింది. కొన్నేళ్ల విరామం తర్వాత 1991లో పోటీకి తిరిగి వచ్చాక పాటలు ఎక్కువగా ఇంగ్లిషులోనే సాగాయి. కియారా 1998లో మూడో స్థానం, 2005లో రెండో స్థానం తెచ్చింది. ఇరా లాస్కో 2002లో రెండో స్థానంలో నిలిచింది. బాలల పోటీలో 2013లో గాయా కౌకి, 2015లో డెస్టినీ చుకున్యెరె ఏకంగా విజేతలయ్యారు. నైజీరియా నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడి కూతురు డెస్టినీ. 2021లో రోటర్‌డామ్‌లో పెద్దల పోటీలో ఏడో స్థానం పొందింది. అయితే ఒక్క రాత్రి గెలుపు బతుకుతెరువు కాదు. పోటీ ముగిశాక మాల్టా గాయకుల ముందు మళ్లీ అదే చిన్న మార్కెట్టు ఉంటుంది.

1999లో పుట్టిన ఎమ్మా మస్కాట్ అందుకే దారి మార్చింది. సొంత దేశం తరఫున యూరోవిజన్‌కు వెళ్లకముందే నేరుగా ఇటలీ బాట పట్టింది. మాల్టా ఇళ్లలో ఇటలీ టీవీ చానళ్లు చూడటం దశాబ్దాల అలవాటు. 1934 దాకా ఇటాలియన్ అక్కడ అధికార భాష కూడా. ఎమ్మా 2018లో ‘అమీచీ’ అనే టీవీ పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లి, ఆ ఏడే వార్నర్ మ్యూజిక్ ఇటలీ ద్వారా ‘మొమెంట్స్’ విడుదల చేసింది. తర్వాత ఇటాలియన్ పాటలతో అక్కడి యువతకు చేరువైంది. 2022లో యూరోవిజన్ ట్యూరిన్‌లో జరిగినప్పుడు మాల్టా తన ప్రతినిధిగా పంపింది ఆమెనే. పరాయి దేశంలో సంపాదించుకున్న శ్రోతల ముందే స్వదేశం పేరుతో పాడే అరుదైన అవకాశం అది. మే 12న రెండో సెమీఫైనల్లో పాడిన ఆమె ఫైనల్‌కు చేరలేదు.