బెల్స్ పాల్సీ (ముఖ నాడి పక్షవాతం)

ముఖంలో ఒక పక్క కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడిపోయే జబ్బు బెల్స్ పాల్సీ. జనం దీన్ని మూతి వంకర పోవడం అంటారు. కన్ను పూర్తిగా మూతపడదు. పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోతాయి. నవ్వితే మూతి బాగున్న వైపుకు లాగేస్తుంది. ఏటా లక్ష మందిలో 20 నుంచి 30 మందికి వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో ఎక్కువ.

దెబ్బతినేది ఏడో కపాల నాడి. ఇది మెదడు కాండం నుంచి బయల్దేరి, చెవి దగ్గరి ఎముకలో సన్నటి సొరంగం గుండా ముఖానికి చేరుతుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రవేత్త గాబ్రియేలె ఫాలోపియో పేరే ఆ సొరంగానికి పెట్టారు. నాడి వాస్తే అక్కడ చోటు చాలదు, నలిగిపోతుంది.

భారతీయ వైద్యులకు ఇది అర్దితంగా తెలుసు, వాతవ్యాధుల్లో ఒకటి. చరక సంహిత చెప్పిన అర్దితంలో ముఖంతోపాటు సగం శరీరానికీ చోటుంది. సుశ్రుత సంహిత దాన్ని ముఖానికే పరిమితం చేసింది. ఈ తేడా చిన్నది కాదు. మెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతమా, నాడి ఒక్కటే చెడిందా అన్నదే ఈ జబ్బులో మొదటి ప్రశ్న, ఇప్పటికీ.

దానికి స్పష్టమైన జవాబు దగ్గరికి వచ్చినవాడు పారశీక వైద్యుడు అల్ రాజీ (865–925). 'అల్ హావీ'లో ఆయన రెండింటినీ వేరు చేసి, నుదుటి ముడతలు పోవడాన్ని కూడా రాసిపెట్టాడు. నేటి డాక్టర్ రోగిని కనుబొమలు పైకెత్తమని అడిగేది అందుకే. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి, బ్రెయిన్ స్ట్రోక్‌లో మూతి వంకర పోయినా సాధారణంగా నుదుట ముడతలు పడతాయి. బెల్స్ పాల్సీలో ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది.

1798లో జర్మనీలో వుర్జ్‌బర్గ్ వైద్యుడు ఫ్రీడ్‌రైక్ ఇలాంటి రోగుల గురించి ప్రచురించాడు. పేరు మాత్రం స్కాట్లాండ్ సర్జన్ చార్లెస్ బెల్ (1774–1842)కి దక్కింది. రాజీకి ఇది అన్యాయమే. అయినా బెల్ చేసింది తక్కువేమీ కాదు. ముఖ కవళికలను చిత్రకారుడి కంటితో చూసినవాడాయన. వాటి మీద 1806లోనే పుస్తకం వేశాడు. 1821లోనూ 1829లోనూ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రాల్లో ముఖాన్ని కదిలించే నాడికీ స్పర్శను మోసే అయిదో నాడికీ ఉన్న తేడాను చర్చించాడు.

ముఖ నాడిని దెబ్బతీసే కారణాలు ఇంకా ఉన్నాయి. చెవిలో పొక్కులతో వచ్చే రకాన్ని 1907లో అమెరికా వైద్యుడు రామ్సే హంట్ వివరించాడు. చెవిలో చీము, గడ్డలు, తల గాయాలు కూడా కారణమే. కుష్ఠులో కనురెప్పను మూసే శాఖ దెబ్బతింటుంది. ఇవేవీ లేనప్పుడే బెల్స్ పాల్సీ అంటారు. 1996లో జపాన్‌లో మురకామి బృందం 14 మంది రోగుల ముఖ నాడి నుంచి ద్రవం తీసి చూస్తే 11 మందిలో హెర్పిస్ వైరస్ ఆనవాళ్లు దొరికాయి. అందుకే ఇప్పుడు మొదటి అనుమానం దాని మీదే.

ఎముక తొలిచి నాడికి చోటిచ్చే శస్త్రచికిత్స 20వ శతాబ్దంలో చాలాకాలం నడిచింది, ఇప్పుడు అరుదు. అసలు మలుపు 2007లో స్కాట్లాండ్‌లో 551 మందిపై జరిగిన పరీక్ష. జబ్బు మొదలైన 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తే తొమ్మిది నెలల్లో 94 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. ఇవ్వనివాళ్లలో అది 82 శాతం. వైరస్ మందు ఎసైక్లోవిర్ మాత్రం అదనంగా ఏ మేలూ చూపలేదు.

కాబట్టి పసర్లతో మూడు రోజులు పోగొట్టుకోకూడదు, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. మూతపడని కంటిని కూడా కాపాడుకోవాలి. పగలు చుక్కల మందు వేసుకుని, రాత్రి రెప్పను టేపుతో మూసి పడుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడవచ్చు. మూడు నెలలు దాటినా కదలిక రాకపోతే అది బెల్స్ పాల్సీ కాకపోవచ్చు. అప్పుడు గడ్డ ఉందేమోనని స్కానింగ్ తీయించాలి.